మార్చి 31లోపు కొత్త సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

– పాత పద్ధతి లెక్క ముందే రాసిపెట్టండి: ఒక్కో బిల్లుకు ఎన్ని నిమిషాలు, నెలకు ఎన్ని తప్పులు, గోదాములో సరుకు ఎన్ని రోజులు నిలుస్తోంది. పాతది ఆపేశాక ఈ అంకెలు దొరకవు, లాభం వచ్చిందో లేదో తేల్చలేరు. అమ్మేవాళ్లు చూపే అంకెలు మీవి కావు.

– లాభం చూపాల్సింది ఐటీ వాళ్లు కాదు. గోదాము మేనేజరో, అకౌంట్స్ హెడ్డో, ఒక్కరి పేరు రాయండి.

– "రోజుకు గంట ఆదా" డబ్బు కాదు. ఓవర్‌టైమ్ తగ్గితేనే లెక్క.

– ఐదేళ్ల ఖర్చు కూడండి: ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఖర్చు), పాత డేటా ఎక్కించడం, శిక్షణ.

– ఆదాయపు పన్నులో తరుగుదల (డిప్రిసియేషన్) మినహాయింపు కోసమే తొందరా? రేటు 40 శాతమే గానీ, ఆ ఏడాది వాడకం 180 రోజుల లోపైతే సగమే. బిల్లు చాలదు, 31లోపు వాడుకలోకి రావాలి.

– కంపెనీలైతే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎప్పుడు ఎలా మారిందో చూపే రికార్డు) ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి.