పర్లాకిమిడి రికార్డు శ్రీకాకుళంలో కనిపించేదాకా: నా అనుభవం

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మగారికి మధుమేహం చూసే డాక్టరుగారు ఈ ఊళ్లోనే ఉన్నారు, మూత్రపిండాల డాక్టరుగారు శ్రీకాకుళంలో ఉన్నారు. ఒకరి కాగితాలు మరొకరికి చేరాలంటే నేను సంచిలో మోసుకెళ్లవలసిందే. ఒకసారి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు ఇంట్లో మరిచిపోవడంతో, అప్పటికే కమిలి ఉన్న ఆమె చేతికి మళ్లీ సూది గుచ్చారు. ఆ రోజే దీని సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

అమ్మకు 14 అంకెల ఆభా నంబరు (వేర్వేరు ఆసుపత్రుల రికార్డులను జతచేసుకునేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంది, రెండు ఆసుపత్రులూ ఆ వ్యవస్థలో చేరినవే. అయినా ఆభా యాప్‌లో వెతికితే ఇక్కడి రికార్డు దొరకలేదు. పాత ఓపీ చీటీని ఆధార్ కార్డు పక్కన పెట్టి చూశాక కారణం తెలిసింది: ఒడియా పలుకుబడిలో వరలక్ష్మి ‘బరలక్ష్మి’ అయింది, మనం ముందు రాసుకునే ఇంటిపేరు చివరికి వెళ్లింది, పుట్టిన సంవత్సరం అంచనాగా వేశారు, ఫోన్ నంబరు ఎప్పుడో మానేసినది. పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబరు పోల్చి రోగిని గుర్తించే ఏర్పాటుకు ఆమె వేరే మనిషిగానే కనిపించింది.

రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఆధార్ చూపించి వివరాలు దిద్దించాను. తరువాత రికార్డు కనిపించింది, ఓటీపీతో జతచేశాం. రికార్డులు ఏ ఆసుపత్రిలో తయారైతే అక్కడే ఉంటాయని, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చని విడమరిచి చెప్పాక, రికార్డు చూసేందుకు శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి వచ్చిన అభ్యర్థనకు అమ్మే స్వయంగా సమ్మతి ఇచ్చింది. దిద్దించేటప్పుడు పాత ఓపీ నంబరునే ఉంచమని తప్పక అడగండి; కొత్త నంబరు రాయించుకుంటే పాత రిపోర్టులు పాత నంబరు కిందే ఉండిపోతాయి.