పాత బోటు డ్యాష్‌బోర్డు విప్పి కొత్తగా బిగించడం

మా గరాజ్‌లో ఉన్నది 1988 నాటి 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు. ఇంజిన్ మెర్‌క్రూజర్ 3.0. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్‌లో తిప్పుతాం. పాత బోటు కొనాలనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది డ్యాష్‌బోర్డు సంగతే: వినైల్ పగిలింది, మీటర్ల అద్దాల్లో ఆవిరి పట్టింది, మార్చేద్దామా అని. మార్చండి. కానీ ముందు వైపు అందం చివరి పని, అసలు పనంతా వెనకాల వైర్లలో ఉంది.

మొదట బ్యాటరీ నెగటివ్ తీయండి, తర్వాత పాజిటివ్. ఏదీ విప్పకముందే వెనక భాగాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ప్రతి వైరుకీ మాస్కింగ్ టేపు చుట్టి, ఏ మీటరులో ఏ టెర్మినల్‌కి పోతుందో మార్కర్‌తో రాయండి. అమెరికా బోట్లలో రంగులకి ఒక పద్ధతి ఉంది: ఊదా ఇగ్నిషన్ కరెంటు, బూడిద రంగు టాకోమీటరు (ఇంజిన్ వేగం చూపే మీటరు), లేత నీలం ఆయిల్ ప్రెషర్, లేత గోధుమ రంగు ఇంజిన్ వేడి, గులాబీ పెట్రోలు. అయినా రంగుని నమ్మి లేబుల్ మానేయకండి. ముప్ఫై ఏళ్లలో బోటు చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు చేతికి దొరికిన వైరు కలిపి ఉంటారు.

స్టీరింగ్ వీల్ నట్టు వదులు చేయండి గానీ పూర్తిగా తీయకండి. నట్టుని రెండు మూడు చుట్లు ఉంచి, వీల్ లాగే పనిముట్టు పుల్లర్‌తో లాగితే, వీల్ ఒక్కసారిగా ఊడి మొహానికి తగలదు. సుత్తితో కొడితే వెనకున్న హెల్మ్ (స్టీరింగ్ తిప్పే యంత్రాంగం) దెబ్బతింటుంది. పాత రకం స్పీడోమీటరుకి వైరు బదులు సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అది నీటి ఒత్తిడితో పనిచేస్తుంది, నెమ్మదిగా లాగండి.

కొత్త మీటర్లు ఆర్డర్ పెట్టే ముందు పాతవాటిని పరీక్షించండి. పెట్రోలు మీటరే తీసుకోండి. 12 వోల్టులు అందుతున్నప్పుడు ఎస్ (S) అని ఉండే టెర్మినల్ మీది గులాబీ వైరు తీసేస్తే ముల్లు ఖాళీ వైపుకి పడాలి. అదే టెర్మినల్‌ని ఒక వైరు ముక్కతో గ్రౌండ్‌కి తాకిస్తే నిండు వైపుకి పోవాలి. రెండూ జరిగితే మీటరు భేషుగ్గా ఉంది, లోపం ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే సెండర్‌లోనో మధ్య వైరులోనో, గ్రౌండ్‌లోనో ఉంది. మల్టీమీటరుతో సెండర్ చూడండి: ట్యాంకు ఖాళీగా ఉంటే సుమారు 240 ఓములు, నిండుగా ఉంటే 33.

ప్యానెల్‌కి నేను వాడేది 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. పాత ప్యానెల్‌నే అచ్చుగా పెట్టి గీసుకోండి. చిన్న మీటర్లకి సాధారణంగా 2 1/16 అంగుళాల రంధ్రం, టాకోమీటరుకి 3 3/8. అయినా మీ మీటరు కొలిచాకే కోయండి. హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) మధ్య బిట్టు అవతలికి పొడుచుకు రాగానే ఆపి, రెండో వైపు నుంచి కోస్తే అంచు చిట్లదు. ఇక రంధ్రాల అంచులకి, స్క్రూ బెజ్జాలకి సహా ఎపాక్సీ రెండు పూతలు వేయండి. పాత చెక్క కుళ్లేది అక్కడినుంచే. ఈ పనిలో తొందర పనికిరాదు.

వైరు తగరం పూత ఉన్న మెరైన్ రాగి వైరే కొనండి. వైరు చివర రింగ్ టెర్మినల్ క్రింప్ చేసి (పనిముట్టుతో గట్టిగా నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. ఉత్త సోల్డర్ ఇంజిన్ అదురుకి నిలవదు. ప్రతి స్విచ్‌కీ విడి ఫ్యూజు ఉండాలి. టాకోమీటరు వెనక సిలిండర్ల సెట్టింగు ఉంటే, ఈ ఇంజిన్‌కి 4 మీద పెట్టి బిగించండి.

బ్యాటరీ కలిపే ముందు ఇంజిన్ మూత తెరిచి పెట్రోలు వాసన ఉందేమో చూడండి. ఉంటే ఆగిపోండి, కలిపేటప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు. లేకపోతే కలిపి, ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్ (బ్లోవర్) 4 నిమిషాలు తిప్పి, బోటు వెనక ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్‌కి నీటి గొట్టం తగిలించాకే తాళం తిప్పండి. ఇంజిన్ నడుస్తుండగా కిల్ స్విచ్ (ఇంజిన్‌ని వెంటనే ఆపే స్విచ్) తాడు లాగండి. వెంటనే ఆగకపోతే బోటు నీళ్లలోకి దించొద్దు.