అమీర్‌పేట బస్సెక్కే ముందు: ఏ టెక్నాలజీ నేర్చుకోవాలో తేల్చుకోవడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో డిగ్రీ పూర్తిచేసి సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లే పిల్లల్లో చాలామంది, ఏ కోర్సులో చేరాలన్నది అక్కడి ఫ్లెక్సీలు చూసి నిర్ణయించుకుంటారు. ఫీజు కట్టేశాక వచ్చి "సార్, ఇది మంచిదేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కట్టకముందు అడగాలి.

కావలసినవి కొద్దే. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ (పాతదైనా సరే), ఇంటర్నెట్, ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకుంటామంటే కుదరదు, నోటుపుస్తకమే కావాలి.

మొదట, చేయాలనుకున్న పని ఏమిటో ఒక్క మాటలో రాయండి: వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు, డేటా, టెస్టింగ్. ఒక సాయంత్రం చాలు. తర్వాత, ఆ పనికి కొత్తవాళ్లను పిలిచే ఉద్యోగ ప్రకటనలు ముప్పై సేకరించండి. మూడేళ్ల అనుభవం అడిగేవి మీకు కాదు, పక్కన పెట్టండి.

ఇక ఆ ప్రకటనలను చదవాలి. దాదాపు అందరూ బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి. ప్రకటనలో పది పదిహేను పేర్లుంటాయి. అందులో ఎక్కువ కొత్తగా వినిపించిన పేరు పట్టుకుని కోర్సుకు పరుగెత్తుతారు. అలా కాదు. ముందు తాలు తీసేయాలి: "శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇస్తాం" అంటూ డబ్బు అడిగే ప్రకటనలు కొట్టేయండి. ఒకే కన్సల్టెన్సీ నాలుగుసార్లు వేసిన ప్రకటనను ఒక్కటిగానే లెక్కించండి.

మిగిలిన పేర్లను మూడు వరుసల్లో రాయండి: భాష (కంప్యూటర్‌కు పని చెప్పేది), దాని మీద నిలబడే ఫ్రేమ్‌వర్క్ (సగం కట్టి ఉంచిన చట్రం), పనిముట్లు. జావా భాష, స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచేది) పనిముట్టు. ప్రతి పేరు పక్కన అది పుట్టిన సంవత్సరం వేయండి. పైథాన్ 1991, జావా 1995, జావాస్క్రిప్ట్ కూడా 1995, జావాస్క్రిప్ట్ మీద నిలబడే రియాక్ట్ 2013. మీ సమయంలో సింహభాగం మొదటి వరుసకే ఇవ్వాలి. ఎందుకంటే 2010లో వచ్చిన, జావాస్క్రిప్ట్ మీద నిలబడే ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌జేఎస్‌ను చూడండి. 2016లో దాని తర్వాతి రూపాన్ని గూగుల్ మొదటి నుంచి తిరగరాసింది. పాతదానికి మద్దతు 2021తో ఆగింది. అడుగున ఉన్న జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవారు కొత్తదానికి మారగలిగారు. యాంగ్యులర్‌జేఎస్ ఒక్కటే బట్టీపట్టినవారి పని మళ్లీ మొదటికి వచ్చింది.

వయసు ఒక్కటే చూసినా పొరపాటే. వెబ్‌పేజీల్లో ఆటలు, యానిమేషన్లు నడిపిన ఫ్లాష్ 1996 నాటిది, ఇంటర్నెట్ అంతటా కనిపించేది. కానీ అది ఒకే కంపెనీ చేతిలో ఉండేది. 2020 చివరికి అడోబీ దాన్ని మూసేసింది. అందుకే ఎవరి చేతిలో ఉందన్నది కూడా రాసుకోండి.

అమెరికాలో ఉన్న బావను అడిగితే సరిపోదా అంటారు. ఆయన తన కంపెనీలో, తన పదేళ్ల అనుభవంతో చేస్తున్న పని చెబుతాడు. మిమ్మల్ని చేర్చుకోవాల్సింది హైదరాబాద్ కంపెనీ. "ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. అది రాసిచ్చిన కోడ్‌లో తప్పు పట్టడానికైనా భాష రావాలి కదా!

మీ ప్రకటనల్లో రెండు భాషలు సమానంగా తేలితే జావా ఎంచుకోండి. ఏది తేలినా దానితోపాటు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోని సమాచారాన్ని అడిగి తీసుకునే భాష) తప్పనిసరి. 1970లలో పుట్టి ఇప్పటికీ బ్యాంకులనూ ఆసుపత్రులనూ నడిపిస్తున్న దాన్ని పక్కన పెట్టి, నిన్న వచ్చినదాని వెంట పడటం నాకు అర్థం కాదు.

డబ్బు పెట్టకముందు పది రోజులు ఎంచుకున్నదాన్ని పరీక్షించండి. అధికారిక డాక్యుమెంటేషన్ (దాన్ని తయారుచేసినవాళ్లే ఇచ్చే వివరణ) చదువుతూ చిన్నదొకటి కట్టండి. మిర్యాలగూడ రైస్‌మిల్లుకు వచ్చే ధాన్యం లారీల లెక్క మంచి పని: లారీ నంబరు, తూకం, తేమ. తేమ 17 శాతం దాటిన లారీల జాబితా వేరుగా రావాలి. వీడియోలు వద్దు, అవి చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది.

అప్పటికీ కోర్సే కావాలనిపిస్తే డెమో క్లాసుకు వెళ్లండి. పైథాన్ క్లాసులో బోర్డు మీద ప్రింట్ (తెర మీద చూపించమనే ఆదేశం) పక్కన బ్రాకెట్లు లేకుండా రాశారంటే, 2020 జనవరి 1న మద్దతు ఆగిపోయిన పైథాన్ 2 చెబుతున్నారన్నమాట. ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.