కప్‌బోర్డు రంగు చెడిందా? ఊడిన పెచ్చు తిరగేసి చూడండి

మా వంటింట్లో స్టవ్ పక్కన తలుపుకు నేను వేసిన రంగు ఇరవై రోజులకే ఊడింది. గోరు ఆనిస్తే చాలు, ఉడికిన బంగాళాదుంప తొక్కలా వచ్చేసింది. అదే రోజు, అదే డబ్బాలోంచి, అదే బ్రష్షుతో వేసిన పక్క తలుపు మాత్రం గట్టిగా గీకినా చెక్కు చెదరలేదు. నాసిరకం రంగు అంటగట్టాడని షాపతనితో గొడవకు బయలుదేరుతుంటే అమ్మ ఆపింది. "పోపు చిటపటంతా ఆ తలుపు మీదే కదరా పడేది" అంది. ఊడిన పెచ్చు తీసి వెనక వేలు పెట్టి చూస్తే జిడ్డు.

అప్పటి నుంచీ ఎవరి ఇంట్లో రంగు చెడినా ముందు పెచ్చు తీసి వెనక్కి తిప్పుతాను. వెనక వైపు అద్దంలా నున్నగా ఉంటే రంగు తలుపు మీది సన్‌మైకాను, అంటే లామినేట్‌ను, అసలు పట్టుకోలేదన్నమాట. జారుడుగా ఉంటే జిడ్డు. తెల్లటి పొడి అంటుకుని ఉంటే కింద గుంటలు పూడ్చిన లప్పమో, రంగుకు ముందు వేసిన ప్రైమరో చిట్లింది. పాత రంగు పొర కూడా అంటుకుని వస్తే ఆ పాతదే వదులైంది, కొత్త రంగు తప్పేం లేదు. చెక్క పీచు లేచి వచ్చిందంటే లోపల నీళ్లు దిగాయి. ఇవి తేల్చుకోకుండా మళ్లీ ఒక కోటింగ్ వేస్తే అదీ పాతదానితో పాటే ఊడుతుంది.

పెచ్చులుగా ఊడుతోంది

వంటింట్లో నూటికి తొంభై చోట్ల దీనికి కారణం జిడ్డో, సన్‌మైకా నునుపో, రెండూనో. చాలామంది ముందు ఉప్పు కాగితం పట్టి, తర్వాత తుడుస్తారు. అది తిరగేసిన పని. జిడ్డు మీద కాగితం రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. ముందు కడగాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా చాకలి సోడా కలిపి (వంట సోడా కాదు, అది దీనికి చాలదు), చేతికి గ్లవ్స్ వేసుకుని, స్క్రబ్బర్‌తో తోమండి. హ్యాండిల్ చుట్టూ, స్టవ్ వైపు అంచులూ రెండుసార్లు. ఆ తర్వాత మంచినీళ్లతో రెండు విడతలు తుడవండి. సోడా మిగిలినా రంగు పట్టదు. ఒక రాత్రంతా ఆరనివ్వండి.

ఇప్పుడు 180 లేదా 220 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. సన్‌మైకాను అరగదీయక్కర్లేదు, దాని మెరుపు చచ్చి పలక మీద సుద్దముక్క రుద్దినట్టు కనిపిస్తే చాలు. పొడి తుడిచేసి నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. తామరాకు మీద బొట్టుల్లా నిలిచాయంటే జిడ్డు ఇంకా ఉంది, మళ్లీ సోడా దగ్గరికి వెళ్లాల్సిందే. పల్చగా పరుచుకుంటే సిద్ధమైనట్టు.

మామూలు ఉడ్ ప్రైమర్ చెక్క కోసం చేసింది. చెక్క దాన్ని పీల్చుకుంటుంది, సన్‌మైకా పీల్చుకోదు. షాపులో "టైల్స్, గాజు, లామినేట్ మీద పట్టే ప్రైమర్" అని విడమర్చి అడగండి. ధర ఎక్కువే. పద్నాలుగు తలుపులూ మళ్లీ గీకడం కంటే తక్కువే.

ఇప్పటికే ఊడుతున్న తలుపుకు అతుకు పని పెట్టుకోకండి. ఊడినచోట మాత్రమే సరిచేస్తే దాని పక్కన మళ్లీ లేస్తుంది. మొత్తం గీకేసి మొదటి నుంచి రావాలి.

ఊరగాయ జాడీలు పెట్టే షెల్ఫు ఇంకో రకం. ఏళ్ల తరబడి జాడీ అడుగున కారిన నూనె గుండ్రటి మరకగా చెక్కలోకి ఇంకి ఉంటుంది. సోడాతో పైపైదే పోతుంది. మరకను టర్పెంటైన్‌తో నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక దాని మీద లక్క పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) ఒక పూత వేసి అప్పుడు ప్రైమర్‌కు వెళ్లండి. ఆ పలక మార్చేయడమే నయమని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

పాత హ్యాండిల్ రంధ్రాల దగ్గర బిళ్లల్లా ఊడిపోతుంటే గోడకు తెచ్చిన లప్పం మిగిలిందని చెక్కకు పెట్టారేమో చూసుకోండి. గోడ లప్పంలో తెల్ల సిమెంటు ఉంటుంది. చెక్క వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, సిమెంటు దానితో పాటు కదలలేదు. చెక్కకు విడిగా దొరికే ఉడ్ లప్పమే పెట్టాలి.

ముడతలు పడింది

ఆయిల్ పెయింటు, అంటే మనం మామూలుగా వాడే సింథటిక్ ఎనామెల్, టర్పెంటైన్ ఎగిరిపోయినంత మాత్రాన గట్టిపడదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పై నుంచి లోపలికి గట్టిపడుతూ వస్తుంది. దట్టంగా పూస్తే పాల మీద మీగడలా పైపొర కట్టేస్తుంది, కింద ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ పచ్చి పొర మీద మీగడ ముడుచుకుంటుంది. మే నెల ఎండలో డాబా మీద తలుపులు పరిచి "తొందరగా ఆరుతుంది" అనుకున్నవాళ్లకు ఇది ఖాయం. నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వాలి.

ముడత పడ్డాక వెంటనే చేయి పెట్టకండి. వారం ఆగి, గోరు దిగనంత గట్టిపడ్డాక స్క్రాపర్‌తో ముడతలు తీసి, 120తో మొదలుపెట్టి 220తో నున్న చేసి, రెండు పల్చటి కోటింగులు వేయండి. రెంటికీ మధ్య ఒక రాత్రి గడవాలి.

ముడతలు కాకుండా రంగు మొత్తం లేచి నలిగిన గుడ్డలా అయిందంటే రంగును పల్చన చేసే థిన్నర్ మారింది. షాపులో ఊరికే "థిన్నర్" అంటే చాలాచోట్ల ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చేతిలో పెడతారు. అది స్ప్రేతో కొట్టే డ్యూకో, లాకర్ రంగులకు. ఎనామెల్‌కు కావలసింది మినరల్ టర్పెంటైన్. పాత ఎనామెల్ మీద డ్యూకో కొట్టించినా ఇదే జరుగుతుంది, అందులోని థిన్నర్ పాత రంగును నానబెట్టి లేపేస్తుంది. దీనికి మరో మందు లేదు, గీకేయడమే.

రోజులు గడిచినా చేతికి అంటుకుంటోంది

వానాకాలంలో మూసిన వంటింట్లో వేశారా? కిటికీలు తీసి, ఫ్యాను గాలి తలుపులకు నేరుగా కాకుండా గదంతా తిరిగేలా పెట్టి వారం చూడండి. టర్పెంటైన్ బదులు కిరసనాయిలు కలిపారా? పాతకాలం పెయింటర్ల పొదుపు అది. కిరసనాయిలు చాలా నెమ్మదిగా ఎగురుతుంది, రంగు నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. అటక మీద ఏళ్లుగా ఉన్న డబ్బా వాడినా ఇదే గతి. వారం దాటాక కూడా బొటనవేలి గుర్తు పడుతుంటే ఆశ వదులుకుని టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, గీకి, కొత్త డబ్బా తెచ్చుకోండి.

ఆరింది, కానీ తలుపు ఫ్రేముకు అతుక్కుంటోంది

చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడడం వేరు. ఎనామెల్‌కు కనీసం వారం, నీళ్లతో పల్చన చేసే నీళ్ల ఎనామెల్‌కు రెండు మూడు వారాలు ఇవ్వాలి. నీళ్లది గంటలో ఆరినట్టు కనిపించి మోసం చేస్తుంది. అన్నాళ్లూ తలుపులు ఓరగా తీసే ఉంచండి. కొవ్వొత్తి రాస్తే అతుక్కోదని కొందరంటారు. నిజమే, కానీ ఆ మైనం మీద రేపు ఏ రంగూ పట్టదు. ఫ్రేము మూలల్లో చిన్న ఫెల్ట్ బిళ్లలు అంటించడం మేలు.

షెల్ఫుల్లో పేపరు పరచడానికి కూడా తొందరపడకండి. మేం అయిదో రోజునే పరిచి డబ్బాలు సర్దేశాం. నెల తర్వాత పేపరు లాగితే సగం షెల్ఫుకే ఉండిపోయింది. మిగతా సగం చోట ఆ వారం రాశిఫలాలు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయ్యాయి. కందిపప్పు డబ్బా కింద ఇప్పటికీ కన్యారాశి చదువుకోవచ్చు.

తెల్లరంగు పసుపు తిరిగింది

ఇది పొగ వల్ల కూడా కావచ్చు. కానీ తలుపు బయట తెల్లగా ఉండి లోపలి వైపే పసుపెక్కితే పొగ తప్పు కాదు, చీకటి తప్పు. తెల్ల ఆయిల్ ఎనామెల్‌లోని నూనె వెలుతురు లేనిచోట పసుపు తిరుగుతుంది, వెలుతురులో పెడితే చాలావరకు మళ్లీ తెల్లబడుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక షెల్ఫు పలక ఊడదీసి కొన్నాళ్లు బాల్కనీ కిటికీ దగ్గర పెట్టి చూడండి. దీన్ని ఎంత తోమినా లాభం లేదు. మెరుపు పోయేలా రుద్ది, ప్రైమర్ వేసి, లోపలి వైపు నీళ్ల ఎనామెల్ వేసుకోవాలి. లేదా మొదటే తెలుపు వద్దనుకుని లేత గంధం రంగుకు ఒప్పుకోవాలి. నా ఓటు దీనికే.

ఎన్ని కోటింగులు వేసినా గోధుమ మరకలు తేలుతున్నాయి

టేకు, ఇంకా ముడులున్న ఏ చెక్కైనా తనలోని రంగును పైకి పంపుతుంది. నీళ్ల రంగు వేస్తే మరీ ఎక్కువ. మూడో కోటింగు, నాలుగో కోటింగు అంటూ డబ్బాలు ఖాళీ చేయకండి. ఆ మరకను లోపలే బంధించేది లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండు పల్చటి పూతలు వేసి, ఆరాక తేలిగ్గా 320 కాగితం పట్టి రంగు వేయండి. బాల్‌పెన్ను గీతలు, పిల్లల స్కెచ్ పెన్నుల కళాఖండాలు పైకి తేలినా ఇదే మందు.

చిన్న చిన్న గుంటలు, తెల్లటి మసక, కారిన చారలు

రంగు కొన్నిచోట్ల వెనక్కి జరిగి చేపకళ్లలా గుంటలు పడితే అక్కడ సిలికాన్ ఉంది. ఫర్నిచర్ మెరవడానికి కొట్టే స్ప్రేలు, సింకు చుట్టూ పెట్టే సీలెంటు దాని పుట్టిళ్లు. ఆరనిచ్చి, రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో ఒకే దిశలో తుడిచి మళ్లీ వేయాలి.

డ్యూకో, మెలమైన్ పాలిష్ లాంటివి వానరోజున కొడితే పాలు కలిపినట్టు మసకబారుతాయి. థిన్నర్ ఎగురుతూ పలకను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద వాలుతుంది. పొడి రోజు చూసుకుని కొట్టాలి, అంతే.

చారలు కారడం తలుపును నిలబెట్టి వేయడం వల్ల. తలుపు తిరిగే బందులు విప్పి దాన్ని పడుకోబెట్టండి. విప్పే ముందు ప్రతి తలుపుకూ బందు కూర్చునే గుంటలో పెన్సిల్‌తో నంబరు వేసి మీద టేపు అంటించండి. నేను వేయలేదు. ఒకేలా కనిపించే పద్నాలుగు తలుపుల్లో ఏది ఎక్కడిదో తేల్చుకోవడానికి ఒక ఆదివారం పట్టింది.

సింకు కింద ఉబ్బింది

ఇది రంగు సమస్యే కాదు. పైపు కారుతోంది, లేదా ప్లైవుడ్ నీళ్లకు తట్టుకునేది కాదు. ఎమ్మార్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు ప్లై తేమకు ఓర్చుకుంటుంది గానీ నీళ్లలో నానితే నిలవదు. సింకు కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై ఉండాలి. చెక్క పీచు నొక్కి చేసిన ఎండీఎఫ్ పలక అయితే ఒకసారి ఉబ్బాక మళ్లీ అణగదు. ముందు ప్లంబరు, తర్వాత వడ్రంగి, చివర్లో రంగు. కొత్త పలక పెట్టాక దాని కోసిన అంచులకు తప్పకుండా ప్రైమర్ పట్టించండి, నీళ్లు దిగేది అక్కడి నుంచే.

గీకడం మొదలుపెట్టే ముందు

మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు 1 నుంచి. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు. తాతల నాటి అల్మారాను పొడిగా గీకి ఆ దుమ్ము ఇంట్లో ఎగరనివ్వకండి. వాటర్ పేపర్ తెచ్చుకుని తడిపి రుద్దండి, రొచ్చు తడిగుడ్డతో ఎత్తి పారేయండి, చిన్నపిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచండి.

టర్పెంటైన్, థిన్నర్ తీసిన గదిలో స్టవ్ వెలిగించకూడదు. సిలిండరు రెగ్యులేటర్ కట్టేయండి, దేవుడి దీపం కూడా ఆ పూట వేరే గదిలో. నూనె రంగులు, ముఖ్యంగా అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండగట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి, బయట తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.

ఇక పరీక్ష. రంగు వేసి వారం దాటాక, కనబడనిచోట కొత్త బ్లేడుతో రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గీతలు గీయండి. గళ్ల మీద సెల్లో టేపు గట్టిగా అద్ది ఒక్క ఊపున లాగండి. గళ్లు టేపుతో వస్తే మీ రంగు ఈ వేసవి దాటదు. స్టవ్ పక్క తలుపుకు రెండోసారి వేశాక నేను లోపలి వైపు కింద మూల ఈ పరీక్ష చేశాను. ఒక్క గడీ కూడా రాలేదు. ఆ గీతలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటి మీద రంగు వేయబుద్ధి కాలేదు.