స్టౌట్ పక్కన చెనిక్కాయల ఉండ పెట్టి చూడండి

బెంగళూరు దగ్గరే కాబట్టి మన చిత్తూరు కుర్రాళ్ళు చాలామంది అక్కడ ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లటి ఘాటు బీరు రుచి చూసి, మాడిపోయిన కషాయంలా ఉందని సగంలోనే వదిలేస్తున్నారు. చాలాసార్లు దాన్ని పాడుచేసేది పక్కనున్న ప్లేటే.

18వ శతాబ్దంలో లండన్‌లో తయారుచేసి రష్యా రాజదర్బారుకు పంపిన రకం ఇది. ఆ కాఫీ, డార్క్ చాక్లెట్ వాసన నల్లగా వేయించిన బార్లీ నుంచే వస్తుంది, ఆల్కహాల్ మామూలుగా 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. అంత ఘాటైన దానికి మన నాటుకోడి పులుసు కారం తోడైతే నోరు ఇంకా మండిపోతుంది, చేదు కూడా ఎక్కువగా తగులుతుంది.

కారం తగ్గించి మిరియాలు పట్టించి బొగ్గుల మీద కాల్చిన మటన్ అయితే బాగా కుదురుతుంది. నన్నడిగితే దానికన్నా చెనిక్కాయల ఉండే మేలు: బెల్లం పాకం చేదును అణుస్తుంది, వేగిన గింజల వాసన బార్లీ వాసనతో ఇట్టే కలిసిపోతుంది. వెనీలా ఐస్‌క్రీమ్ కూడా ఓకే.

ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగొద్దు. మరీ చల్లగా ఉంటే వాసనలేవీ తెలియవు, ఒక పావుగంట బయట పెట్టి చిన్న గ్లాసులో పోసుకోండి.