అంటార్కిటికా చలికాలంలో ఓజోన్ బెలూన్ వదలడం ఎలా?

వచ్చే చలికాలం ఈ డ్యూటీ నా దగ్గర్నుంచి తీసుకోబోతున్న మీకోసం ఇది రాస్తున్నాను. మాన్యువల్ ల్యాబ్ అరలోనే ఉంది, ముందు దాన్ని పూర్తిగా చదవండి. అందులో లేనివి, చలిలో నిలబడి నేను నేర్చుకున్నవి ఇక్కడ చెబుతాను.

బెలూన్ వదిలే రోజున మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కనీసం మూడు రోజుల ముందే ఓజోన్‌సాండ్‌ని, అంటే బెలూన్‌కి కట్టి పంపే ఓజోన్ కొలిచే పరికరాన్ని, పెట్టెలోంచి బయటికి తీయాలి. దాని లోపల ఒక చిన్న టెఫ్లాన్ పంపు ఉంటుంది. అది గాలిని పీల్చి పొటాషియం అయోడైడ్ ద్రావణంలోకి బుడగలుగా వదులుతుంది. గాలిలో ఓజోన్ ఉంటే అయోడైడ్ అయోడిన్‌గా మారుతుంది, రెండు సెల్స్ మధ్య కరెంటు పారుతుంది. ఆ కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది. అంత సన్నని కొలతకు వేలి జిడ్డు కూడా చేటే. అందుకే గాలి పీల్చే గొట్టం చివరను చేత్తో ముట్టుకోకండి. ముందు క్యాథోడ్ అనే సెల్‌లో దాని ద్రావణం 3 మిల్లీలీటర్లు పోయండి, కాసేపు ఆగి యానోడ్ అనే రెండో సెల్‌లో దాని ద్రావణం 1.5 పోయండి. రెండింటికీ వేర్వేరు సిరంజిలు వాడాలి, ఒకదాని చుక్క ఇంకోదానిలో పడితే ఆ సాండ్ పనికిరాదు. నేను సిరంజిలకు ఎర్ర టేపు, నీలం టేపు చుట్టి పెట్టాను. దయచేసి వాటిని తీసేయకండి.

పంపు 100 మిల్లీలీటర్ల గాలిని ఎన్ని సెకన్లలో పంపుతోందో సబ్బు బుడగతో కొలవాలి. సుమారు 30 సెకన్లు పడుతుంది. ఒక్కసారి కొలిచి సరిపెట్టుకోవద్దు, అయిదుసార్లు కొలిచి సగటు తీయండి. గది ఉష్ణోగ్రత, తేమ కూడా పక్కనే రాయండి. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి బుడగలోని నీరు కొంత ఆవిరైపోతుంది. ఆ తేడాను తర్వాత లెక్కలో సరిచేయాలి.

ఇక బెలూన్. నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. చలికాలంలో ఇక్కడి స్ట్రాటోస్ఫియర్, అంటే ఓజోన్ ఉండే పై గాలి పొర, మైనస్ 80 డిగ్రీల కిందకి పోతుంది. ఆ చలికి రబ్బరు బిగుసుకుపోయి, సాగాల్సిన చోట సాగక ముందే పగిలిపోతుంది. దక్షిణ ధ్రువం దగ్గరి స్టేషన్‌లో అందుకే నడి చలికాలంలో పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు వాడతారు. మన దగ్గర ఉన్నవి రబ్బరువే, కాబట్టి గ్యాస్ నింపే ముందు కొన్ని గంటలు వెచ్చని పెట్టెలో ఉంచాలి. ఒక ఆగస్టు రోజున తొందరలో నేను ఆ పని చేయలేదు. బెలూన్ 17 కిలోమీటర్ల దగ్గరే పగిలింది. సూర్యుడు తిరిగొచ్చి, చలి మేఘాల మీద తయారైన క్లోరిన్ ఓజోన్‌ను తినడం మొదలుపెట్టే రోజులవి. చూడాల్సిన పొర సగంలోనే ఆగిపోయింది. మర్నాడు ఇంకోటి వదిలాను గానీ, ముందురోజు ఆకాశాన్ని మళ్లీ కొలవలేం కదా.

బయటికి వెళ్లేముందు గాలి వేగం చూడండి. సెకనుకు 10 మీటర్లు దాటితే నేను వాయిదా వేసేవాణ్ని. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లొద్దు. రిజిస్టర్‌లో పేరు రాసి, వాకీటాకీ పట్టుకుని, తాడు వెంబడే నడవండి. మంచు తుపాను లేస్తే పది అడుగుల దూరంలోని తలుపు కూడా కనబడదు. ముడులన్నీ గదిలోనే వేసేసుకోండి. తప్పనిసరిగా బయట వేయాల్సిన ఒక్క ముడిని మందపాటి గ్లోవ్స్ తొడుక్కునే ప్రాక్టీస్ చేయండి. ఉత్త చేత్తో లోహాన్ని ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. హెడ్‌లైట్ బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి. పెన్ను వద్దు, సిరా గడ్డకడుతుంది, పెన్సిల్ తీసుకెళ్లండి.

హైడ్రోజన్ నింపే రోజైతే నూలు బట్టలే వేసుకోండి. ఇంత పొడి గాలిలో స్టాటిక్ కరెంటు సులువుగా పుడుతుంది, ఒక్క రవ్వ చాలు. ఎర్తింగ్ తీగ తగిలించకుండా వాల్వు తిప్పొద్దు.

వదిలేటప్పుడు తోడొచ్చినవాళ్లు సాండ్ పట్టుకుని గాలి వెళ్లే దిక్కున నిలబడాలి. మీరు బెలూన్ వదలండి, తాడు బిగుసుకోగానే వాళ్లు సాండ్ వదులుతారు. పరుగెత్తొద్దు, మంచు మీద కాలు జారుతుంది. అదే ట్రిప్పులో ఫ్లాస్కు గాలి శాంపిల్ కూడా తీయాలంటే స్టేషన్‌కి గాలి వచ్చే వైపు వెళ్లి, మూత తీసేముందు ఊపిరి బిగబట్టండి. లేదంటే మీ శ్వాసలోని కార్బన్ డయాక్సైడే ఫ్లాస్కులోకి వెళ్తుంది.

లోపలికొచ్చాక స్క్రీన్ ముందు కూర్చోండి. బెలూన్ సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున ఎక్కుతుంది, 30 కిలోమీటర్లు చేరడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ గీత దాదాపు సున్నాకి పడిపోవడం చూస్తారు. మొదటిసారి నేను పంపు ఆగిపోయిందనుకున్నాను. కంగారుపడకండి. పంపు కరెంటు, ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నాయా చూడండి. ఆ పొర దాటాక గీత మళ్లీ లేస్తే పరికరం బాగానే ఉన్నట్టు, ఓజోనే అక్కడ లేదు. అంటార్కిటికాలోని బ్రిటిష్ వాళ్ల హాలీ స్టేషన్ కొలతలతో శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ప్రపంచానికి చెప్పింది ఈ లోటు గురించే. వాళ్ల డాబ్సన్ పరికరం నేల మీద నుంచి మొత్తం ఓజోన్‌ను కొలిచింది. అది ఏ ఎత్తులో ఖాళీ అయిందో మన బెలూన్ చూపిస్తుంది.

పగిలిన ఎత్తు, కారణం, మీరు చేసిన పొరపాటు, అన్నీ లాగ్‌బుక్‌లో రాయండి. ఆగస్టు పేజీలో 17 కిలోమీటర్ల ఎంట్రీ పక్కన ‘బెలూన్ వేడి చేయలేదు’ అని నా చేతిరాతే ఉంటుంది.