నీళ్లలో ఆగిన సెడాన్: ఇంజిన్ ఎలా దక్కింది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ దగ్గర మా పెట్రోల్ సెడాన్ నీళ్లలో ఆగిపోయింది. టెన్షన్‌లో ఇంట్లోవాళ్లు మళ్లీ స్టార్ట్ చెయ్యమన్నారు. చెయ్యలేదు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే, గాలిలాగా అవి నొక్కుకుపోవు. పిస్టన్ వాటికి తగిలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అంతే, ఇంజిన్ పోయినట్టే.

న్యూట్రల్‌లో పెట్టి మెరక మీదికి తోశాం. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. ఎయిర్ ఫిల్టర్ తడిసిపోయింది. మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాడు. నీళ్లు కలిస్తే వచ్చే పాలరంగు ఇంజిన్ ఆయిల్‌లో లేకపోయినా మార్పించాను. కొత్త ఫిల్టర్ వేశాక స్టార్టయింది. తడి బ్రేకులు పట్టవు కాబట్టి మెల్లగా నడుపుతూ పెడల్ తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టాను.

ఇప్పుడు నీళ్లు సగం టైరు దాటితే వెనక్కి తిప్పేస్తాను. తక్కువుంటే ఫస్ట్ గేర్, ఒకే వేగం. ఎదురుగా లారీ వస్తుంటే ముందే ఆగుతాను, దాని అల బానెట్ మీదికి వస్తుంది.